డెర్బీకి వెళ్ళిన రిసెప్షన్ సూటు

మా ఇలవేల్పు మీద, నా దుకాణం గల్లాపెట్టె మీద, మా ఆవిడ పెట్టే గోంగూర పచ్చడి మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. యాభై దాటిన మనిషి తన సొంత బతుకులో జరిగింది చెప్పుకోవడానికి పచ్చడి మీద ఒట్టు వేయవలసి రావడం ఎంత అవమానమో మీరే ఆలోచించండి. దీనికంతటికీ కారణం ఒక నెమలి.

తిరుమలగిరిలో నాకొక కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక పొద్దున, మిలటరీ స్థలాల్లో తిరిగే నెమలి ఒకటి దారితప్పి దుకాణంలోకి వచ్చి అద్దం ముందు నిలబడింది. అంతవరకు జరిగిందే. అది ఒకటి రెండు ఫ్రేములు వద్దని, ఆ తర్వాతది చూసి తలూపిందని మాత్రం నేను కలిపాను. వచ్చినవాళ్ళు కాస్త నవ్వుతారని. ఆనాటి నుంచి బోయిన్‌పల్లిలో మా వీధి వీధంతా, నేను వాన పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది.

అలాంటి నాకు ఈమధ్య డెర్బీకి, అంటే మలక్‌పేటలో జరిగే పెద్ద గుర్రపు పందేనికి, రెండు పాసులు వచ్చాయి. ఎలా వచ్చాయో చెబుతాను. సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డ్ మిలటరీ పెద్దాయన తన పాత దుర్భిణి తెచ్చి ఇచ్చాడు. ఒక కంటికి లోకం, రెండో కంటికి పొగమంచు. విప్పి, అద్దాలకు పట్టిన బూజు తుడిచాను. లోపల గోరంత స్క్రూ ఒకటి అరిగిపోయి ఉంది. అది బేగంబజార్ నుంచి రావడం బాగా ఆలస్యమైంది. చివరికి దుర్భిణి చేతికిచ్చిన రోజు, ఆయన గుమ్మంలో నిలబడి రోడ్డుకు అటువైపున్న బోర్డులన్నీ పైకి చదివాడు. ఆ సంబరంలో చొక్కా జేబులోంచి రెండు పాసులు తీసి బల్ల మీద పెట్టాడు.

"యంగ్ మ్యాన్, వచ్చే ఆదివారం డెర్బీకి నువ్వూ మీ మిసెస్సూ నా గెస్టులు. కోటు తప్పనిసరి. చెప్పులేసుకుని వచ్చావంటే గేటు దగ్గరే ఆపేస్తారు, నేను చెప్పినా వినరు."

"నాకు రేసుల సంగతేం తెల్వద్ సార్."

"తెలియకపోతే ఇంకా మంచిది. గుర్రాల్ని చూస్తావు."

మా ఆవిడది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో ఆమెను బస్సులో దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్తుంటే మలక్‌పేటలో ట్రాఫిక్ ఆగిపోయింది. రేసుల మైదానం గోడ వెనక పెద్ద కేక లేచింది. గోడ అంచు మీదుగా రంగురంగుల టోపీలు, ఎరుపూ పసుపూ నీలమూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. ఉత్త టోపీలే. కింద మనుషుల్లేరు, గుర్రాల్లేవు. ఆవిడ సీట్లోంచి లేచి, మునివేళ్ళ మీద నిలబడి, ముందు కూర్చున్న ఎవరో పెద్దామె భుజం కూడా పట్టుకుంది. అంతలో బస్సు కదిలింది. "గుర్రాలు కనపడలేదండీ" అంది, చేతిలోది ఎవరో లాక్కున్నట్టు. ఇన్నేళ్ళుగా ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా, ఆ గోడ వచ్చేసరికి ఆవిడ మెడ సాగుతుంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. పక్కన కూర్చునేవాణ్ణి, నాకు తెలుసు.

డెర్బీ మాట వినగానే నాకు ఆ మెడ గుర్తొచ్చింది. ఆవిడని తీసుకెళ్ళి ఆ గోడకు అవతలి వైపు నిలబెట్టాలి. నాకు కావలసిందల్లా అంతే.

ఇంటికెళ్ళేసరికి వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది.

"జెర ఇటు సూడు. వచ్చే ఆదివారం మనం గుర్రపు రేసులకు పోతున్నం" అన్నాను.

"అలాగేనండీ. మీ నెమలి కూడా వస్తుందా?"

పాసులు చూపించాను. చెయ్యి తుడుచుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇక మొహం వెలుగుతుందనుకున్నాను.

"అంటే నిజంగానే రేసులకి వెళ్తున్నారా?" అంది. ఆ గొంతు వింటే, అబద్ధమనుకున్నప్పుడే నయమనిపించింది.

హాల్లో టీవీ ముందున్న మా అమ్మ చెవిన పడనే పడింది. "తాగుడు, పత్తాలు, రేసులు! మీ తాత సుత మొదటి రెండిట్లనే ఆగిండు కొడుకా."

"అమ్మా, నేను గుర్రాలు సూసెటందుకు పోతున్న. ఆడెటందుకు గాదు."

"సూసెటోడే ఆడుతడు. గుర్రమే సూడాల్నంటే పెండ్లి బరాత్‌ల సూడు. ఫుకట్ల కనవడ్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మన ఊళ్ళో చిట్టీల్లో మునిగినవాణ్ణి అయ్యో పాపం అంటారు. గొడవల్లో ఉన్న ప్లాటు కొని కోర్టుల చుట్టూ తిరిగేవాణ్ణి కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఇంకో ప్లాటు గురించి సలహా అడుగుతారు. బూట్లేసుకుని వెళ్ళి ఒక జంతువు పరుగెత్తడం చూసొస్తానన్నవాడు మాత్రం కొంప ముంచినవాడు! అబద్ధం చెబితే నవ్వి అన్నం పెట్టారు. నిజం చెబితే మా తాతని లేపారు.

మర్నాటికి కబురు మా బావమరిదికి చేరింది. మా ఆవిడకి అన్న. స్థలాల వ్యాపారం. ఫోన్ చేశాడు.

"బావగారూ, మా చెల్లెల్ని అలాంటి చోటికి తీసుకెళ్తారా? మన ఇంటా వంటా ఉందాండీ ఇది?"

ఏటా భీమవరం వైపు కోడిపందేలకు కారు కట్టించుకుని పోయి, కోడి రంగుకీ ఆనాటి తిథికీ లెక్క చూసే మనిషి అడుగుతున్నాడు ఈ మాట!

"కోడికి రెక్కలున్నయని దాని పాపం ఎగిరిపోతదా బావా?" అన్నాను.

"అది సంప్రదాయమండీ" అన్నాడు. ఆ పైన కుటుంబ గౌరవం గురించి చాలాసేపు చెప్పాడు. నేను ఫోను బల్ల మీద పెట్టి ఒకరికి కళ్ళజోడు ముక్కుపట్టీలు మార్చి ఇచ్చి, మళ్ళీ చెవిన పెట్టుకునేసరికి గౌరవం అయిపోయింది, గొంతు తగ్గింది. "ఊరికే అడుగుతున్నా. గెలిచేదేదో ఆ మిలటరీ ఆయనకి తెలిసే ఉంటుందిగా?"

పెట్టేశాను. ఆ సాయంత్రం మా అమ్మ చుట్టూ ఎవరూ లేకుండా చూసి నన్ను దగ్గరికి పిలిచింది. "అండ్ల నల్లది గిట్ల ఉన్నదా బిడ్డా? శనివారం పుట్టినోనికి నల్లది కలిసొస్తది." నేను పుట్టింది శనివారం. ఎవరికి చెప్పుకోను?

ఒక్క మా ఆవిడ ఏ గుర్రమని అడగలేదు. వస్తాననీ అనలేదు. "అన్నయ్య అంత మాటన్నాక నేనెలా వస్తానండీ" అని పాసులు ఫ్రిజ్ మీద పెట్టి, ఎగిరిపోకుండా నిమ్మకాయ బరువు పెట్టింది.

సరే, కోటు సంగతి. మన మగవాడికి జన్మకొకటే సూటు, పెళ్ళి రిసెప్షన్‌కి అత్తవారు కుట్టించింది. ఒక్క సాయంత్రం వేదిక మీద వేసుకుంటాడు. ఆ తర్వాత అది బీరువాలో కలరా ఉండలతో కాపురం చేస్తుంది. నాది మెరూన్ రంగు, పైగా మెరుపు. తీసి తొడుక్కుంటే చేతులు దూరాయి గానీ, బొత్తాలూ కాజాలూ దూరపు చుట్టాలైపోయాయి. మా ఆవిడ చూడలేక వచ్చి, "ఊపిరి బిగబట్టండి" అని రెండు చేతులా లాగింది. బొత్తం ఎగిరి దేవుడి పటం వెనక పడింది. పాసులు ఇంటికొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే, "మా నాన్న కుట్టించింది, జాగ్రత్త" అంది.

జాగ్రత్తగానే తీసుకెళ్ళాను, మా దుకాణం వెనక గల్లీలో టైలర్ దగ్గరికి. జీవితమంతా మిలటరీ యూనిఫారాలు కుట్టిన మనిషి.

"ఛాతీ కాడ జానెడు తక్కువ పడ్తున్నది సార్. రెండు పక్కల పట్టీ ఏస్త. అతుకు కనవడకుంట మీదికెళ్ళి జరీ తాడు కుడ్త."

"జెర సాదాగ ఉండాలె భాయ్. పెద్దోళ్ళు వచ్చే జాగ."

"పరేషాన్ గాకుండ్రి. పెద్ద పెద్ద సాబ్‌లే తొడిగిన్రు నా కుట్టు."

శనివారం సాయంత్రం ఇచ్చాడు. రెండు పక్కలా బంగారు తాళ్ళు. పాత బొత్తాలకు బదులు ఇత్తడి బొత్తాలు. అడగకుండానే, చేతి అలవాటుకొద్దీ, భుజాల మీద పట్టీలు.

"ఏందీ ఇది?" అని అరిచాను.

"షాన్ ఉండాలె గద సార్!"

విప్పించడానికి వేళ లేదు. ఆదివారం మధ్యాహ్నం తిట్టుకుంటూ ఆ కోటు తొడుక్కుని, ఒక్కణ్ణే వెళ్ళడానికి బయటికొచ్చాను. ముదురాకుపచ్చ పట్టుచీరలో మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెప్పులు కూడా వేసుకుంది.

"మరి మీ అన్నయ్య?"

"పొద్దున ఫోన్ చేశాడు, ఏ గుర్రమో మీ దగ్గర కనుక్కుని చెప్పమని. ఆయన ఇంట్లో కూర్చుని పందెం కాయొచ్చు, నేను వెళ్ళి చూస్తే పరువు పోతుందా? పదండి."

నాకు అన్ని రోజులుగా పట్టిన కోపం ఆవిడకి ఒక్క పూటలో పట్టింది. ఆవిడకే బాగా నప్పింది.

మలక్‌పేటలో గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, బ్యాండోళ్ళది ఎన్క గేటు. గిది గెస్టులది."

"నేను గెస్టునే."

"మీవోళ్ళంత గాడనే ఉన్నరు గదా. నీ బాజా ఏది?"

అటు చూశాను. చెట్టు కింద మెరూన్ కోట్లు, బంగారు తాళ్ళు, ఇత్తడి బొత్తాలు. అందులో ఒకాయన నన్ను చూసి, ఆలస్యమైందన్నట్టు చెయ్యి ఊపి రమ్మంటున్నాడు. నేను పాసులు తీసి కాపలా మనిషి ముక్కు కింద పెట్టాను. ఆయన పాసు చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న పట్టుచీరను చూసి దారి ఇచ్చాడు. మా ఆవిడ గేటు నుంచి మెట్ల దాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. కట్టుకున్నదానికి కోపం రావాలి కదా ఇలాంటప్పుడు!

డెర్బీ పరుగు మొదలయ్యే ముందు పెద్దాయన దుర్భిణి ఆవిడ చేతికిచ్చాడు. నా ముందు జనం లేచి నిలబడ్డారు. నాకు వీపులు కనిపించాయి, కేకలు వినిపించాయి. ఆవిడ మాత్రం, అడ్డంగా ఏ గోడా లేకపోయినా, మునివేళ్ళ మీదే నిలబడింది.

"ఏవండీ, కాళ్ళు! కాళ్ళు కూడా కనపడుతున్నాయండీ!"

ఏది గెలిచిందో నాకు తెలియదు. బావమరిది అడిగితే కోడి అని చెప్పాను.

ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. బ్యాండు గొడవ కల్పితమని మీరనుకుని ఉంటారు. అది జరిగింది. గోడ మీద టోపీలూ పరుగెత్తాయి. నేను కల్పించింది ఆ స్క్రూ, పాసులు తీయించిన ఆ సంబరం, అంతే. బేగంబజార్ నుంచి రావలసిన స్క్రూ ఏదీ లేదు. ఆ దుర్భిణి ఒక్క పూట పని. డెర్బీ దగ్గరపడుతోందని పెద్దాయన వచ్చినప్పుడల్లా "స్క్రూ ఇంకా రాలే సార్" అన్నాను. చివరికి ఆయన బల్ల మీద చెయ్యి వేసి, "స్క్రూ సంగతి వదిలెయ్. నీకేం కావాలి?" అన్నాడు. "రెండు పాసులు" అన్నాను. ఆయన నవ్వి జేబులోంచి పాసులు తీశాడు. బల్ల కింద నుంచి దుర్భిణి తీసి ఇచ్చాను.

పాసులు ఆయన సంబరంకొద్దీ ఇచ్చాడనే మా ఆవిడకి చెప్పాను. ఇన్నేళ్ళలో నేను చెప్పినవాటిల్లో ఆవిడ మారుమాట లేకుండా నమ్మింది అదొక్కటే.