మూడు డైలు

హోసూరులో మా కంపెనీ బండ్లకు రేకు భాగాలు చేస్తుంది. రేకును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చును మేం డై అంటాం. ఎక్కువైతే డైలు. ఏళ్ళ తరబడి ప్రెస్ మెషీన్ దగ్గర ఆ మాటతోనే బతికాను. ఎప్పుడూ నోరు తడబడలేదు.

మాది ఆంధ్రా సరిహద్దు దగ్గర వేప్పనపల్లి వైపు. గొర్రెలు మేపే ఇల్లు. పదో తరగతి దాకా తెలుగులో చదివి, కృష్ణగిరిలో డిప్లొమా చేశాను. నన్ను సూపర్‌వైజర్‌ని చేసినప్పుడు, సోమవారం మీటింగులో మా ప్రెస్ షాపు, అంటే మా మెషీన్ల విభాగం సంగతులు ఇంగ్లీషులో చెప్పాలన్నారు. అందుకే షిఫ్టు అయ్యాక బస్టాండు దగ్గర ఇంగ్లీషు క్లాసుకు వెళ్ళసాగాను.

మా టీచరు నాకంటే చిన్నది, తమిళమ్మాయి. తెలుగు బాగానే మాట్లాడుతుంది. "అన్నిటికీ చివర ఎస్ పెట్టేస్తే సరిపోదక్కా" అంటూ బోర్డు మీద రాసింది. ఫుట్ అయితే ఫీట్. చైల్డ్ అయితే చిల్డ్రన్. షీప్ మాత్రం ఒకటైనా షీపే, మందైనా షీపే. ఆ వరసలోనే డై అని రాసి, పక్కన డైస్ అని రాసింది. చివర ఎస్ లేదు, సి, ఈ ఉన్నాయి.

అన్నాళ్ళూ రిపోర్టుల్లో నేను ఎస్ పెట్టే రాస్తున్నాను. అలా రాస్తే 'చచ్చిపోతుంది' అని కూడా అర్థం వస్తుంది కదా! ఇంతకాలం ఎంత తప్పు రాశానో అనుకుని, సోమవారానికి దిద్దుకున్నాను. మూడు డైలు పగిలాయని చెప్పే వాక్యంలో సి పెట్టి రాశాను.

గాజు గోడల గదిలో ఆ వాక్యం తెర మీద పెద్దగా పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. క్వాలిటీ విభాగంలో పనిచేసే ఆయన, ఈమధ్యే గుంటూరు నుంచి వచ్చినాయన, "ఏంటి మేడమ్, ప్రెస్ షాపులో పాచికలాడుతున్నారా?" అన్నాడు. గది మొత్తం నవ్వింది. ఆ స్పెల్లింగు పాచికలకట. ఉక్కు అచ్చులకు ఎస్సేనట. నేను మొదట రాసిందే సరి!

బయటికి పోదామంటే తలుపు బల్లకు అవతల ఉంది. మధ్యలో అన్నీ కుర్చీలే. మీటింగు ముగిసేదాకా అక్కడే నిలబడ్డాను.

మరునాటి నుంచి టీ దగ్గర నేను 'పాచికలమ్మ'నయ్యాను. టీచరుకు చెబితే ఆమె ముఖం చిన్నబోయింది. "సారీ అక్కా, నాకు ఆటలో వేసే పాచిక డై ఒకటే తెలుసు. మీ ఫ్యాక్టరీ డై నేను ఎప్పుడూ చూళ్ళేదు" అంది. ఆమెను ఏమనగలను?

మేనేజరు దగ్గరికి పోయాను. ఆయనది హోసూరు పక్కనే ఉద్దనపల్లి.

"సార్, నన్ను మళ్ళీ మెషీన్ దగ్గరికే పంపించేయండి."

"అదెట్ల అవుతుందమ్మా? ఆడ ఇంకొకర్ని వేసేసినాం కదా. ఎక్కినాక దిగేదానికి లేదు."

అప్పటి నుంచి ఒకటి దాటిన ప్రతి వస్తువూ నాకు భయమే. కంప్యూటర్ మౌసులు రెండు కావాలంటే, బహువచనం ఏమవుతుందో తెలియక, నాకొకటి, పక్క టేబుల్‌కొకటి అని విడివిడిగా మెయిల్ పెట్టాను. మీటింగులో ఈ డై, ఆ డై, ఇంకో డై అని వేలితో చూపిస్తూ చెప్పేదాన్ని.

ఆదివారం ఊరికి పోతే నాయనకు షీప్ సంగతి చెప్పాను. ఆయన, "ఒకటికీ మందకూ ఒకటే పేరా? అట్లయితే ఒకటి తప్పిపోయిందని వాళ్ళు ఎట్ల చెప్పుకుంటారమ్మా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తెల్లవారితే సోమవారం, మళ్ళీ మీటింగు.

కొన్ని నెలలకు ఆ పగిలిన డైల సంగతి అడగడానికి జపాన్ నుంచి కస్టమర్ వచ్చాడు. పెద్దాయన. అదే గదిలో, అదే తెర ముందు కూర్చుని, "మెనీ ప్రాబ్లమ్. త్రీ డై క్రాక్. వై?" అని నన్నడిగాడు. ఎస్ లేదు, సి లేదు. ఎవరూ నవ్వలేదు. గుంటూరాయన వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

"త్రీ డై, సేమ్ ప్లేస్ క్రాక్, సర్" అన్నాను. ఎందుకు పగిలాయో కూడా అలాగే ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన తల ఊపాడు. మీటింగు సాగిపోయింది.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తేలిక పడాల్సింది పోయి, ఒళ్ళంతా మంట. ఆయన నోట్లో తప్పు కానిది నా నోట్లో ఎందుకు తప్పవుతుంది? పక్క సీటామె "ఏమమ్మా, ఒళ్ళు బాగలేదా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. బస్సు బస్టాండు దగ్గర, ఇంగ్లీషు క్లాసు ముందు ఆగింది. దిగాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, దిగాను.