స్కూటర్ డిక్కీలో సీసా

ఆ సీసాను కొట్లోకి తీసుకుపోకపోవడానికి నాకొక కారణం ఉండింది. అప్పుడది చాలా గొప్ప కారణమనిపించింది.

మాది వరంగల్‌లో బెల్లం కొట్టు. మేడారం జాతర ముందు పదిహేను రోజులు మాకు ఊపిరాడదు. మొక్కుకున్నవాళ్లు వచ్చి పెద్ద కాంటాకు ఒక తట్టలో కూర్చుంటారు, రెండో తట్టలో వాళ్ల ఎత్తు బెల్లం పేరుస్తాం. ఆ రోజుల్లో దాన్ని బెల్లం అనం, బంగారం అంటాం. అమ్మవార్లకు పోయే సరుకు కాబట్టి చెప్పులతో ఎవర్నీ దగ్గరికి రానివ్వం. అలాంటి చోటికి మనిషి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను ఎట్లా పట్టుకుపోను?

ఆ ముక్క మా అక్కది. నాన్న పోయాక కొట్టునూ నన్నూ నిలబెట్టిన మనిషి. రొమ్ములో గడ్డ కనబడితే ఒక చిన్న దవాఖానలో పొద్దున పది గంటలకు ఆ గడ్డను మొత్తంగా తీసేశారు. క్యాన్సరో కాదో పరీక్ష చేయించమని నర్సు సీసా నా చేతికిచ్చింది.

"అన్నా, ముక్క చెడిపోకుండ పోసే ఫార్మలిన్ అయిపోయింది, ఉత్త సెలైన్ల పెట్టిన. గంట లోపల్నే హన్మకొండ ల్యాబ్‌ల ఇచ్చెయ్. వాళ్లు ఫార్మలిన్ల వేసుకుంటరు. జర మర్చిపోకు."

మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇప్పుడింత కుమిలేవాడిని కాను. దారిలో కొట్టు ముందు జనాన్ని చూసి, పది నిమిషాలు నిలబడి పోదామనుకున్నాను. సీసాను డిక్కీలో పెట్టి, స్కూటర్ ఎండలోనే వదిలి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. తొర్రూరు వైపు నుంచి ఒక కుటుంబం ఆటో నిండా వచ్చింది, వాళ్ల వెనక ఇంకొకళ్లు. "సేటూ, మా పిల్లను ముందు తూకమెయ్యవా" అంటుంటే ఎవర్ని కాదంటాను? మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఇచ్చినవా రా?"

"ఎప్పుడో ఇచ్చిన అక్కా. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నా నోట్లో మన్నుపడ! అప్పుడైనా లేచి పోవచ్చు కదా. సాయంత్రం ఏడు గంటలకు పోయాను. కౌంటర్‌లో అమ్మాయి ఫారం తీసి, "ఎన్ని గంటలకు తీసిండ్రు?" అని అడిగింది. "ఇప్పుడే, ఆరున్నరకు" అన్నాను. రాసుకుంది. అబద్ధం చెప్పడం అంత సులువని నాకు ఆ రోజే తెలిసింది.

క్యాన్సరే అని తేలింది. తర్వాత ఆ ముక్కకే ఇంకో పరీక్ష చేశారు. కేఐ-67 అంటారు. రెట్టింపయ్యే పనిలో ఉన్న కణాలకు అందులో గోధుమరంగు పడుతుందట. వందలో ఎన్నింటికి పడిందో చూసి, జబ్బు ఎంత దూకుడుగా ఉందో అంచనా వేస్తారట. అక్కకు ఐదే వచ్చాయి. క్యాన్సర్ డాక్టర్ కాగితం చూసి, "తక్కువనే ఉన్నదమ్మా. కీమో అవసరం పడకపోవచ్చు, గోళీలతోనే నడిపిద్దాం" అన్నాడు. అక్క ఇంటికొచ్చి గల్లీ అంతా బెల్లం పంచింది. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టింది. మింగలేకపోయాను.

పదకొండు రోజులు ఓపిక పట్టాను. ఓపిక అని ఎందుకంటున్నానో, పిరికితనం అది. పన్నెండో రోజు ల్యాబ్‌కు పోయి, రిపోర్టు మీద సంతకం పెట్టిన డాక్టరమ్మను కలిశాను. ఎవరో తెలిసినవాళ్ల సంగతిలాగా మొదలుపెట్టాను.

"మేడం, ముక్కను ఫార్మలిన్ల వెయ్యకుండ ఎండల ఉంచితే ఏమైతది?"

"పాడైతది. రంగు సరిగ్గ పట్టదు. కణాలు పెరుగుతనే ఉన్నా, మాకు పెరుగుతలేనట్టు కనబడొచ్చు. ఎంతసేపు ఉంచిండ్రు?"

"తొమ్మిది గంటలు."

ఆమె నా మొహం, నా చేతిలో ఉన్న అక్క రిపోర్టు చూసి, ఫైల్లోంచి ఆ ఫారం తీసింది. "మరి ఆరున్నర అని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే."

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కణాల రూపం చూస్తే గింత తక్కువ రావద్దని నాకు అప్పుడే అనుమానం కొట్టింది. కానీ టైం మంచిగనే రాసి ఉన్నదని నమ్మిన" అంది. మళ్లీ చేద్దామంటే ఉన్నదంతా ఆ పాడైన ముక్కే. గడ్డ మొత్తం తీసేశారు కదా, ఇంకో ముక్క ఎక్కడి నుంచి తెస్తాం?

ఆమె ఫోన్ చేసి చెబితే, ఆ ఐదును నమ్మలేమని క్యాన్సర్ డాక్టర్ కీమో పెట్టాడు. అసలు అంకె నిజంగానే తక్కువేమో, ఆ కీమో అక్కకు అక్కర్లేదేమో! ఎవరికీ తెలియదు, ఇక తెలియబోదు కూడా. అక్కకు మాత్రం "రిపోర్టుల తప్పు పడ్డదట, నేను పోయి అడిగితే బయటపడ్డది" అని చెప్పాను. ఆమె ల్యాబ్‌వాళ్లను నోరారా శపించింది. వాంతుల మధ్య కూడా శపించింది. జుట్టంతా దిండు మీద రాలింది. జుట్టు తిరిగొచ్చింది గానీ కీమోతో మొద్దుబారిన కాలివేళ్లకు స్పర్శ రాలేదు. ఇప్పటికీ నడుస్తుంటే చెప్పు జారిపోయినా చూసుకోదు. నేను వెనక నుంచి తెచ్చి తొడుగుతాను. "ఎంత ప్రేమ రా నీకు" అంటుంది.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. జబ్బు నయమైతే తన ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్న అక్క, ఆ మొక్కు తీర్చుకుంది. తట్టలోంచి దిగి, చుట్టూ ఉన్న జనం వినేలా అంది: "ఇప్పుడు నువ్వు కూసో రా. ఆ రిపోర్టుల తప్పు పట్టింది నువ్వే. నువ్వు ఉరకకపోతే నేను యాడుందునో! నీ ఎత్తు బంగారం కూడ మొక్కిన."

వద్దన్నాను. కోప్పడ్డాను. "ఇంతమంది ఆగిండ్రు, పని చూడనియ్" అని కసిరాను. వినలేదు, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తన చేతులతోనే బెల్లం ముద్దలు ఒక్కొక్కటి ఎదురు తట్టలో పెడుతోంది. మూడోది పెట్టేటప్పుడు తట్టలోంచి ఆమె వైపు వంగాను.

"అక్కా, ఆ రోజు సీసా నేను…"

"కదలకు రా" అంది, కాంటా ముల్లు మీదే కళ్లు పెట్టి. "నువ్వు కదిలితే తూకం నిలబడదు."

నేను కదలకుండా కూర్చున్నాను.