మంత్రిగారికి పరిచయ వాక్యాలు

షాంటిలీలో మేము నడిపే ఆదివారం తెలుగు బడి వార్షికోత్సవానికి ఆ ఏడు ముఖ్య అతిథి స్వీడన్ మాజీ విద్యామంత్రి. ఇందులో మా గొప్పేమీ లేదు. బడి ప్రెసిడెంటుగారి కూతురు స్వీడన్ అబ్బాయిని చేసుకుంది. ఆ అబ్బాయి తల్లి ఒకప్పుడు అక్కడి లిబరల్ పార్టీ తరఫున మంత్రి. మనవరాలిని చూడ్డానికి వచ్చిన వియ్యపురాలిని ప్రెసిడెంటుగారు ఊరికే వదుల్తారా? ఆవిడ పదవి దిగి ఎన్నేళ్ళయిందో ఆయనకు అనవసరం. మనవాళ్ళ లెక్కలో ఒకసారి మంత్రి అయితే కలకాలం మంత్రే.

"ఇంట్రో నువ్వే ఇవ్వాలమ్మా. స్కూల్ బోర్డ్‌కి కంటెస్ట్ చేస్తున్నావు కదా, నీకూ కాస్త ఎక్స్‌పోజర్ వస్తుంది," అన్నారు ఫోన్లో. ఇక్కడ సర్కారు బడుల్ని నడిపే బోర్డుకూ ఎన్నికలుంటాయి.

ఎక్స్‌పోజర్ అన్న మాట వినగానే ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వెళ్ళి వీధి తలుపు గడియ చూసుకున్నాను. అంతకు పది రోజుల ముందు మా మెయిల్‌బాక్సులో కవరు లేని ఒక కాగితం దొరికిందని ఆయనకు తెలియదు. పోటీ మానుకోమని, మీ అమ్మాయి ఎక్కే బస్సు ఏదో మాకు తెలుసునని రెండే వాక్యాలు. బస్సు నంబరు కూడా సరిగ్గానే రాశారు. పోలీసాయన వచ్చి కాగితం తీసుకుని, ఇలాంటివి చాలావరకు ఉత్త బెదిరింపులేనన్నాడు. ఆ "చాలావరకు" అన్న మాటే నన్ను పీక్కుతింది. ఆ రోజు నుంచి ఏదో సాకు చెప్పి అమ్మాయిని నేనే కార్లో దింపుతున్నాను. "విత్‌డ్రా చేసెయ్, మనకెందుకీ గొడవ?" అని మా ఆయన రోజూ అంటూనే ఉన్నారు. పేరు వెనక్కి తీసుకోవడానికి సోమవారం ఆఖరు రోజు. తీసుకుందామనే అనుకున్నాను. ఏడో క్లాసు పిల్లకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వకూడదనుకున్నాం.

పరిచయం కోసం ఇంటర్నెట్‌లో మంత్రిగారి గురించి చదివాను. ఊళ్ళో స్కూలు కమిటీ, తర్వాత పార్లమెంటు, తర్వాత విద్యాశాఖ. మధ్యలో ఓటములూ ఉన్నాయి. మన సభల్లో ఓటముల ఊసెత్తడం ఎక్కడైనా ఉందా? శాలువా కప్పబోయే మనిషి ఓడిపోయిందని చెప్తే అపశకునంలా ఉంటుంది. అవన్నీ కొట్టేసి, చిన్నప్పటి నుంచి ప్రతి సభలోనూ విన్న మాటే రాసుకున్నాను: ఓటమి ఎరుగని నాయకురాలు.

ఆదివారం మిడిల్ స్కూల్ కాఫెటేరియాలో మైకు ముందు నిలబడ్డాను. చదువుతున్నానే గానీ నా కళ్ళన్నీ తలుపుల మీదే. నాలుగు తలుపులు. ఎవరు లోపలికొచ్చినా చదివే లైను తప్పుతోంది. ముందు వరసలో మంత్రిగారి చెవిలో ఆవిడ కోడలు ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. "ఓటమి ఎరుగని" దగ్గరకు రాగానే ఆవిడ కిసుక్కున నవ్వారు.

శాలువా కప్పాక ఆవిడ మైకు అందుకున్నారు. "ఈ పరిచయం వేరెవరిదో అయ్యుండాలి. నేను మొట్టమొదట స్కూలు కమిటీకి పోటీ చేసి ఓడిపోయాను. ఆఖరిసారి ఓడినప్పుడు నా సామాను అట్టపెట్టెల్లో సర్దుకుని ఆఫీసు ఖాళీ చేశాను," అన్నారు ఇంగ్లీషులో. జనం చప్పట్లు కొట్టారు. మనవాళ్ళు దేనికైనా కొడతారు. "మేడమ్ వెరీ హంబుల్," అన్నారు ప్రెసిడెంటుగారు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పులిహోర బల్ల దగ్గర క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ చెయ్యి ఊపేసి, "నువ్వు తలుపుల వైపే ఎందుకు చూస్తున్నావు?" అని అడిగారు. అంత సూటిగా ఎవరూ అడగలేదు. కాగితం సంగతి చెప్పేశాను.

ఆవిడ ఓదార్చలేదు. "నాకూ వచ్చేవి. భయం పోతుందని చెప్పను, పోలేదు. మా అబ్బాయికి తెలియదనుకుని ఏళ్ళ తరబడి దాచాను. వాడికి మొదటి నుంచీ తెలుసు. ఒక్కడే భయపడ్డాడు. ఆ కోపం వాడికి ఇంకా తగ్గలేదు," అన్నారు. "మీ అమ్మాయికి తెలియదని నీకెవరు చెప్పారు?"

ఇంటికి వస్తుంటే కార్లో అడిగేశాను. "బంగారం, మన మెయిల్‌బాక్స్‌లో ఒక లెటర్ వచ్చింది..."

"ఐ నో అమ్మా. అది సెకండ్‌ది."

కారు పక్కకు ఆపాను.

"ఫస్ట్‌ది నేను మెయిల్ తెచ్చినప్పుడు వచ్చింది. దాంట్లో కూడా బస్ నంబర్ ఉంది. బ్యాక్‌ప్యాక్‌లో దాచాను."

"ఎప్పుడు?"

"నువ్వు నన్ను డ్రాప్ చేయడం స్టార్ట్ చేశావ్ కదా, దానికి వన్ వీక్ ముందు."

అంటే వారం రోజులు, తెలిసి తెలిసి, ఆ బస్సే ఎక్కింది.

"భయం వేయలేదా నాన్నా?"

"వేసింది. డ్రైవర్ వెనకాల సీట్‌లో కూర్చున్నా, ఎవ్రీ డే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు క్విట్ అయిపోతావ్ కదా."

దాన్ని దగ్గరకు లాక్కుని ఏడ్చాను. అది ఏడవలేదు, నా వీపు నిమిరింది. అదింకా భయంగా అనిపించింది నాకు.

సోమవారం పేరు వెనక్కి తీసుకోలేదు. ధైర్యం వచ్చి కాదు. అది దాచిన కాగితం మాత్రం పోలీసాయనకు ఇవ్వడానికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని బల్ల మీద పరుస్తుంటే మడత దగ్గర రెండు ముక్కలుగా విడిపోయింది. నా పిల్ల దాన్ని అన్నిసార్లు విప్పి, చదివి, మళ్ళీ మడిచింది.