మందుల ఫ్రిజ్‌కు ఏ గ్యాస్ పడుతుందో తెలిసిన మనిషి

మొన్న పొద్దున ఆదిలాబాద్ బస్సు కండక్టర్ మా దవాఖాన గేటు దగ్గర ఆగి, "సిస్టరమ్మా, ఫ్రిజ్ కాక పోయిండు. నిద్రల్నే గుండె ఆగిందంట" అని చెప్పాడు. చేతిలోని రిజిస్టరు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి ఆ ఫ్రిజ్ ముందు నిలబడ్డాను.

జైనూర్ దగ్గర ఈ చిన్న దవాఖానలో నేను నర్సును. టీకా మందులు దాచే ఫ్రిజ్ చెడిపోతే ఆదిలాబాద్ నుంచి వచ్చే మెకానిక్ ఆయన. మా అందరికీ కాకే, అంటే బాబాయే. రాగానే ఏమీ అడిగేవాడు కాదు. ఫ్రిజ్‌కు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని దాని చప్పుడు వినేవాడు. "సల్లగయినంత మాత్రాన బాగయినట్టు కాదు బిడ్డా" అనేవాడు.

ఒక వేసవిలో ఫ్రిజ్‌లోని గ్యాస్ అంతా కారిపోయింది. ఆ రోజు మంగళవారం. శనివారం పోలియో చుక్కల మందు వస్తుంది, ఆదివారం పిల్లలకు వెయ్యాలి. గూడేలకు కబురు కూడా వెళ్లింది. పాత రకం గ్యాస్ ఓజోన్ పొరకు చేటని దాని తయారీ తగ్గించిన రోజులవి. దొరికినా కల్తీయే. కాక దగ్గర రెండు కొత్త రకాలున్నాయి.

"ఏదో ఒకటి నింపు, పని కానీ" అన్నాడు మా కుర్ర డాక్టరు.

"గట్ల కాదు సార్. గీ గ్యాస్‌కు కంప్రెసర్ల ఉన్న పాత నూనె పడది. ఇయ్యాల సల్లగయితది, కొన్ని దినాలకు కంప్రెసర్ పట్టేస్తది. ఇంకోటి పాత నూనెతోని మంచిగనే నడుస్తది, గని అది అంటుకునే గ్యాస్. సూదులు ఉడకబెట్టే స్టవ్ పక్కనే ఉన్నది. జర లీకైతే అర్ర మొత్తం కాలుతది."

"మరేం చేస్తావ్?"

"కంప్రెసర్ ఇప్పుకొని పోయి, నూనె మార్చి తెస్త. గురువారం దాక ఆగుండ్రి."

డాక్టరు పై అధికారికి ఫిర్యాదు రాస్తానన్నాడు. "రాయుండ్రి సార్" అని మెల్లగా అని, కాక పని మొదలుపెట్టాడు.

సాయంత్రం అరుగు మీద బస్సు కోసం చూస్తూ నాకు చెప్పాడు. "ఒక దవాఖానల గిట్లనే తొందర పెట్టిండ్రు. నూనె మార్చకుంట నింపిన. మిషిన్ బందయింది, మందు కరాబయింది. ఎవరు సూస్కోలే. గవే సీసాలు పోరగాండ్లకు ఏసిండ్రు." "నా తప్పే అని నేనే పోయి పెద్ద డాక్టరుకు చెప్పిన. మళ్ల పిలిచి ఏసిండ్రు. గని అందరు రాలే" అన్నాడు.

మా దగ్గరున్న కొద్దిపాటి మందును ఐసు డబ్బాల్లో పెట్టాం. రోజూ బస్సులో ఐసు పంపింది కాకే. గురువారం కంప్రెసర్‌ను గోనెసంచిలో చుట్టుకొని దిగాడు. దాన్ని బిగించి, అంటుకోని గ్యాస్ నింపాడు. ఏ గ్యాసో, ఏ నూనెనో దాని మీద తెల్ల రంగుతో రాశాడు. "నా తర్వాత వచ్చెటోడు పరేషాన్ కావద్దు" అన్నాడు. శుక్రవారమంతా గంటగంటకూ థర్మామీటర్ చూశాడు. శనివారం మందు లోపల పెట్టాక డాక్టరు ఆయనకు స్వయంగా కుర్చీ వేశాడు. తొందరపడ్డానని కూడా ఒప్పుకున్నాడు.

ఆ ఫ్రిజ్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ ఆదివారం పొద్దున కాక వెంటనే బస్సెక్కలేదు. వరండా అంతా తల్లులూ పిల్లలూ. ఒక గోండు తల్లి, పెనుగులాడుతున్న పెద్దపిల్లను పట్టుకోవడానికి, చంటివాణ్ని ఆయన ఒళ్లో పెట్టేసింది. ఆయన అరచేతుల నిండా కడిగినా పోని నల్లటి మరకలు. అవి పసివాడికి తగలకుండా వేళ్లు దూరంగా చాచి, మోచేతుల మధ్య వాణ్ని పొదువుకొని, కాక కదలకుండా కూర్చున్నాడు.