షబానా అక్క ‘సాఫ్ట్’ కాదు, ఆ తారీఖు ‘డిస్‌ప్లే ఇష్యూ’ కాదు

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ సర్దుకుంటుంటే ఫోన్ వచ్చింది. షబానా అక్క వాళ్ల తమ్ముడు.

"అక్క పోయింది మమతా" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. ఆ ఇంట్లో నాకు తెలిసిన అక్క ఒక్కతే. అయినా అడిగాను.

గుండెపోటట. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు.

సాయంత్రానికి శామీర్‌పేటలో మట్టి చేసి వచ్చారు మగవాళ్లు. నేను ఇంట్లో ఆడవాళ్లతో కూర్చున్నాను. వాళ్లమ్మ నా చెయ్యి వదల్లేదు.

అక్కడే ఫోన్ చూశాను. ఆఫీస్ గ్రూప్ నిండా పూలు, దండాలు. మా మేనేజర్ రాశారు: "షబానా చాలా సాఫ్ట్. ఎవరికీ ఒక్క మాట ఎదురు చెప్పి ఎరగదు."

అబద్ధం.

పొగుడుతున్నాం అనుకుంటున్నారేమో. అక్క చేసిన పనిని తుడిచేస్తున్నారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మాది కండ్లకోయలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. అక్క డేటాబేస్ చూసేది. నాది టెస్టింగ్.

పోయిన ఎండాకాలం ఒక క్లినిక్ నుంచి కంప్లైంట్ వచ్చింది. పేషెంట్లు ఒకరోజు ముందే వచ్చేస్తున్నారట. చదువు రానివాళ్లట. ఫోన్‌కు వెళ్లే స్లిప్‌లో తారీఖు అక్షరాలు పెద్దవి చేయాలట.

మాకు అప్పజెప్పిన పని అదే. అక్షరాలు పెద్దవి చేయడం.

అక్క కంప్యూటర్ ముట్టలేదు. "నడువు, పోయి సూద్దాం" అని నన్ను బస్సెక్కించింది.

అక్కడ బెంచీ మీద దేవరయాంజాల్ నుంచి వచ్చిన ఒక అవ్వ. షుగర్ ఉంది. రక్తపరీక్ష అని రాత్రి నుంచి ఏమీ తినలేదు. కళ్లు తిరిగి గోడకు ఒరిగిపోయింది.

కౌంటర్ దగ్గరి అమ్మాయి అరుస్తోంది. "నీది రేపు గదా అవ్వా! తారీఖు ఎవరితోనన్న సదివిచ్చుకొని రావాలె గదా!"

"సదివిచ్చుకున్న బిడ్డా. కోడలు గియ్యాలనే అన్నది."

ఎవరూ వినలేదు.

అక్క ముందు ఆమెకు చాయ్, బిస్కెట్లు తెప్పించింది. తర్వాత ఆమె ఫోన్ అడిగి చూసింది.

ఫోన్‌లో మంగళవారం. కౌంటర్ స్క్రీన్ మీద బుధవారం.

కోడలు సరిగ్గానే చదివింది. కౌంటర్ అమ్మాయీ సరిగ్గానే చదివింది. తప్పు మాది.

అపాయింట్‌మెంట్‌కు ఒట్టి తారీఖు చాలు. మావాళ్లు దానికి టైమ్ కూడా తగిలించి, ఇంగ్లండ్ గడియారం ప్రకారం డేటాబేస్ టేబుల్‌లో దాచారు. ఇక్కడ బుధవారం మొదలయ్యేసరికి అక్కడ ఇంకా మంగళవారం సాయంత్రమే. కౌంటర్ స్క్రీన్ దాన్ని మన టైముకు మార్చి చూపేది. ఫోన్ స్లిప్ మార్చకుండా అలాగే పంపేది.

మర్నాడు మీటింగ్. మేనేజర్ అన్నారు: "డేటా కరెక్టే కదా షబానా. అది డిస్‌ప్లే ఇష్యూ. లో ప్రయారిటీ."

అక్క లేచి నిలబడింది.

"ఆ అవ్వకు మీ టేబుల్ కనవడ్తదా సార్? ఆమెకు కనవడేది గా ఫోనే. ఆమెకు గదే డేటా."

ఎవరో నవ్వారు. "అక్క మస్తు గరమైంది, చాయ్ తాపియ్యిండ్రి."

"చాయ్ ఆ అవ్వకు తాపిచ్చొచ్చిన. మీరు కోడ్ మార్చుండ్రి, జల్దీ."

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. మా అవ్వ మీద బ్యాంకులో, ఆఫీసుల్లో అలాగే అరిచేవాళ్లు. చదువు రాదంటే చాలు, తప్పు వాళ్లదేనని ముందే తేల్చేస్తారు. వాళ్ల తరఫున ఒక ఏసీ రూములో గొంతు లేవడం నేను ఆ రోజే విన్నాను.

ఆ ఒక్క క్లినిక్ వరకు అక్క టేబుల్‌లోని ఆ కాలమ్‌ను ఒట్టి తారీఖుగా మార్చింది. పాత అపాయింట్‌మెంట్లన్నీ కూర్చుని సరిచేసింది. ఆ క్లినిక్ నుంచి మళ్లీ కంప్లైంట్ రాలేదు.

అప్రైజల్‌లో ఏం రాశారో తెలుసా? "ఆర్గ్యుమెంటేటివ్." రాసింది ఈ మేనేజరే. ఇప్పుడు ఎదురు చెప్పి ఎరగదట!

సోమవారం యాప్రాల్‌లో కొత్త క్లినిక్‌కు మా సాఫ్ట్‌వేర్ మొదలవ్వాలి. దానికి మళ్లీ పాత కోడే పెట్టారు. మార్చే టైమ్ లేదట. పోయిన వారమంతా అక్క దీని మీదే కొట్లాడింది. మొన్న బస్టాప్‌లో నాతో అన్నది:

"నువ్వు ఓకే గొట్టకు మమతా. టెస్టింగ్ ఓకే లేకుంటే అది బయటికి పోదు. పరేషాన్ గాకు, తిడ్తే నన్ను తిడ్తరు."

ఈరోజు పొద్దున మేనేజర్ మెసేజ్. "ఎమోషనల్ అవ్వకుండా అప్రూవ్ చేసేయ్ అమ్మా."

చెయ్యలేదు.

‘ఫెయిల్’ అని పెట్టాను. కారణం దగ్గర రాశాను: పేషెంట్‌కు తప్పు తారీఖు చూపిస్తోంది. కింద అక్క సరిచేసిన కోడ్ జతచేశాను. అది పెట్టేదాకా నా ఓకే రాదు.

ఆఫీసు వాళ్లు కూడా ఇది చదువుతారని తెలుసు. చదవండి. ఈసారి తిట్టాలంటే నన్నే తిట్టాలి.

పోయి రా అక్కా. అలిసిపోయావు, నిమ్మళంగా పడుకో.

అల్లా నీ సమాధిని చల్లగా, వెలుగుతో ఉంచాలి.