ఫినాయిల్ తెచ్చిన మారుమనస్సు

పెళ్లిచూపుల్లో పిల్లను నవ్వించినవాళ్లుంటారు, భయపెట్టినవాళ్లుంటారు. పిల్లతోపాటు పిల్ల తండ్రినీ, పాస్టరుగారినీ, చర్చి మొత్తాన్నీ ఏడిపించిన ఘనత మాత్రం నాదే. ఎలాగంటారా? వినండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో గదులు శుభ్రం చేసేవాణ్ని. అక్కడ నేల తుడిచి తలుపు బిగించేస్తాం, గంటదాకా ఎవరూ లోపలికి పోరు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. వాసన ఎంత ఘాటైతే అంత శుభ్రమని నా సిద్ధాంతం.

గాజులరామారం నుంచి సంబంధంవాళ్లు ఆదివారం నాగారంలోని మా చర్చికే వస్తున్నారని తెలిసింది. పిల్ల ఫోటో చూసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. శనివారం సాయంత్రం చర్చి కడిగే పని మీదేసుకున్నాను.

"బకెట్ నీళ్లల్ల ఫినాయిలు జరంత కలుపాలెరా" అంది మా అవ్వ.

"గట్ల ఇండ్లల్ల జేస్తరవ్వా! నేను ల్యాబు లెక్క జేస్తున్న."

నీళ్లు కలపకుండా రెండు సీసాలు పోశాను. మూలమూలనా బ్లీచింగ్ పౌడర్ చల్లి కిటికీలన్నీ బిగించాను. పిచ్చోడి చేతిలో రాయంటారు, నా చేతికి ఫినాయిల్ దొరికింది.

ఆదివారం కూడా, రోడ్డు దుమ్ము వస్తుందని కిటికీలు తెరవనివ్వలేదు. ప్రార్థనలో రెండో మాటకే పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరుసలో పిల్ల తండ్రి ముక్కు చీదాడు. కాసేపటికి అందరూ ఏడుపే! ప్రసంగం మొదలే కాలేదు, ఇంతగా కదిలించిన మాటేమిటా అని నాకు ఒకటే ఆశ్చర్యం.

"పరిశుద్ధాత్మ పనిజేస్తున్నది! ఎవ్వరు లేవొద్దు, ఇంకో గంట ప్రార్థన జేద్దాం!" అన్నారు పాస్టరుగారు.

పిల్ల తండ్రి దగ్గుతూ చేతులు జోడించాడు. "అయ్యగారూ, నేను గన్ని పాపాలు జెయ్యలే!"

మా అవ్వ లేచింది. "అయ్యగారూ, గిది ఆత్మ గాదు, మా పోరని ఫినాయిలు! ముందుగాల కిటికీలు తెర్వుండ్రి!"

అందరూ బయటపడ్డారు. సంబంధం పోయినట్టేననుకున్నాను. అప్పుడు పిల్ల ఎర్రటి కళ్లతో నా దగ్గరికొచ్చింది.

"మీ ల్యాబుల గీ ఘాటంత ఎటు పోతది?"

నాకు తెలిస్తే కదా! సోమవారం సూపర్వైజర్ని అడిగాను.

"మీద గాలి గుంజి బయట పారేసే మిషన్ ఉన్నదిరా. మీ చర్చిల ఉన్నదా?"

ఆ జవాబు చెప్పే నెపంతో గాజులరామారం వెళ్లాను. తలుపు తీసిన పిల్ల తండ్రి నా రెండు చేతులూ పరీక్షగా చూశాడు. కిటికీలన్నీ బార్లా తెరిచాకే కూర్చోమన్నాడు.

ఆ ఇంటి అల్లుడిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: కిటికీ మూసి ఇక జన్మలో నేల తుడవను. ఎవరినైనా ఏడిపించాల్సి వస్తే పాట పాడతాను.