ఉప్పుదాసు మా ఇంటికొచ్చాడు

పోయిన వారం ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ థియేటర్ లిఫ్టులో కాషాయం కట్టుకున్న ఒక మహర్షి నా పక్కన నిలబడి, చెవికి ఫోను ఆనించి, "లెగ్ పీస్ ఉండాలి, లేకపోతే వెనక్కి పంపించేస్తా" అని ఎవరితోనో పోట్లాడుతున్నాడు. పై అంతస్తులో ఏదో సీరియల్ షూటింగు. ఆ బిల్డింగులో దేవుళ్ళు, దయ్యాలు, పోలీసులు రోజూ పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటారు కాబట్టి నవ్వుకుని ఊరుకోవలసిన సంగతే. కానీ తలుపులు మూసుకోగానే ఆయన గడ్డం దగ్గర్నుంచి జిగురు వాసన వచ్చింది. అంటించుకునే గడ్డాలకు రాసే ఆ గమ్‌కి ఒక ఘాటు ఉంటుంది, స్పిరిట్టూ గుగ్గిలమూ కలిపి మరగబెట్టినట్టు. ముక్కుకి తగిలిందంటే నాలుక వెనక దాకా చేదు దిగుతుంది. నేను మూడో అంతస్తులో దిగాలి. దిగలేదు. మహర్షి వెళ్ళిపోయి, లిఫ్టు మళ్ళీ కిందికొచ్చి, వాచ్‌మన్ "మేడమ్, తబియత్ మంచిగ లేదా?" అని అడిగేదాకా అందులోనే నిలబడిపోయాను.

నా చిన్నతనమంతా ఆ వాసనే. కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందులో యాదమ్మ మేడ కింద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. యాదమ్మ ఆ గడ్డమీదే పుట్టిన మనిషి. జూబ్లీహిల్స్ గుట్టల్లో సీతాఫలాలు ఏరుకున్న రోజుల గురించి వక్కాకు నములుతూ చెప్పేది, బోనాలప్పుడు మాకు వేడివేడి బెల్లమన్నం ఆకులో పెట్టి ఇచ్చేది. ఎదురింట్లో మేరీ ఆంటీ, గుడివాడ వైపునుంచి వచ్చిన హెయిర్ డ్రెస్సర్, హీరోయిన్లకు జడలు వేసే మనిషి. క్రిస్మస్‌కి ఆవిడ నూనెలో వేయించే గులాబీ పువ్వుల కోసం డిసెంబరు మొదటి తారీకు నుంచే వాళ్ళ గుమ్మం ముందు తచ్చాడేవాళ్ళం. పిల్లలందరం ఇటుకరాయి కెమెరా పెట్టుకుని షూటింగ్ ఆట ఆడేవాళ్ళం, ఎవరు డైరెక్టరో తేలక కొట్టుకునేవాళ్ళం, చివరికి యాదమ్మ చీపురు పట్టుకుని వస్తే అదే ప్యాకప్పు.

మా నాన్న పాపారావు. తుని దగ్గర పల్లెలో పద్యనాటకాలాడి, ఆ గొంతు నమ్ముకుని హైదరాబాదు వచ్చాడు. సినిమాల్లో ఆయనకి దొరికినవన్నీ పోస్టుమ్యాను, పూజారి, "అయ్యగారూ, కారొచ్చిందండీ" అనే నౌకరు. అయినా ఆయనకి దిగులంటే ఏమిటో తెలియదు. ఆ నవ్వు చెప్పాలి మీకు! చిన్నగా మొదలై, భుజాలు కదిలి, కళ్ళలో నీళ్ళొచ్చి, ఊపిరాడక గోడ పట్టుకునే నవ్వు. ఎండుచేపల పులుసు కలుపుకుంటూ షూటింగులో జరిగింది చెప్పి, చెప్పకముందే తనే నవ్వేసి, పొలమారి, అమ్మచేత నెత్తిమీద తట్టించుకునేవాడు. "ముందు మింగండి మహానుభావా" అనేది అమ్మ. నాన్న ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది సందు మొదట్లోనే తెలిసిపోయేది నాకు.

సినిమావాళ్ళకి ఒక పట్టింపు ఉంది. చచ్చిపోయే వేషం వేసినవాడు షాట్ అయిపోగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. నవ్వుతుంటే ఒక ఫోటో తీస్తారు. అప్పుడుగానీ చావు వేషంతో పాటు పోదని, మనిషి మనిషిగా ఇంటికి రాడని నమ్మకం. మా నాన్న బోలెడన్నిసార్లు చచ్చిపోయాడు. కత్తిపోట్లు, వరదలు, గుండెపోట్లు, ఒకసారి ఏనుగు. అలాంటి రోజుల్లో ఆయన చెప్పులు విప్పకముందే అమ్మ అడిగేది, "నవ్వారా?" అని. "నవ్వకపోతే రానిస్తావా ఏంటి" అని గుమ్మంలో ఇంకోసారి నవ్వి లోపలికొచ్చేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయనకి ఉప్పుదాసు వేషం వచ్చింది. జీవితంలో మొదటిసారి ముఖ్యపాత్ర. చిన్న భక్తి సినిమా, పెద్ద నటులెవరూ లేరు, పద్యం పాడగలిగినవాడు కావాలని వెతికితే మా నాన్న దొరికాడు. ఉప్పుదాసు ఎవరో మాకెవరికీ తెలియదు. రోజూ రేవు నుంచి ఊరికి ఉప్పు బస్తాలు మోస్తూ, ఆ నడక లయలోనే స్వామి మీద పాటలు కట్టిన కూలిమనిషట. వానలో తడుస్తూ పాడుకుంటూ పోతే బస్తాలో ఒక్క ఉప్పురాయీ కరగలేదట. ఆయన పాటలకి మురిసి నైవేద్యం పళ్ళెంలో ఉప్పు తక్కువైందని స్వామే దాసు కలలో కనిపించి ఉప్పడిగాడట. వీటన్నిటికంటే నాన్నకి నచ్చిన కథ ఇంకొకటి ఉంది. ఒకరోజు దాసు గుడిలో పాడుతూ ఒళ్ళు మరిచి ఇల్లు మరిచాడు. ఇంట్లో పెళ్ళాం, కూతురు ఆకలితో ఎదురుచూస్తున్నారు. స్వామికి జాలేసి, దాసు రూపం ఎత్తి, బియ్యం మూట తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. పెళ్ళాం తేడా పోల్చుకోలేదు, కాళ్ళకి నీళ్ళిచ్చింది. కూతురు మాత్రం వచ్చినవాడి అరచెయ్యి పట్టుకుని చూసి, "నువ్వు మా అయ్యవి కావు" అంది. ఉప్పుకి పగిలిన చెయ్యి కాదది. స్వామి చిరునవ్వు నవ్వి మాయమయ్యాడు.

ఆ కథ నాన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో! మొదట్లో నవ్విస్తూ చెప్పేవాడు, స్వామి బియ్యం మూట మోయలేక ఆపసోపాలు పడినట్టు నటిస్తూ. రానురాను నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. వేషానికి నిష్ఠ కావాలని చేపలు మానేశాడు. నేలమీద పడుకున్నాడు. బస్తా మోసే నడక రావాలని, యాదమ్మ మేడ కట్టడంలో మిగిలిన ఇసుక సంచిలో పోసి భుజానికెత్తుకుని మెట్లెక్కి దిగేవాడు, పాడుతూ. ఎండాకాలం మధ్యాహ్నాలు, సందంతా మాగన్నుగా పడి ఉన్నప్పుడు, మెట్లమీద ఆ అడుగులూ ఆ పాటా వినిపిస్తుంటే నేను చాపమీద పడుకుని లెక్కపెట్టేదాన్ని. ఎన్నోసారికో అది మా నాన్న అడుగుల చప్పుడు కాకుండా పోయింది. ఎన్నోసారో చెప్పలేను.

కూతురు వేషానికి పెట్టుకున్న పిల్లకి ఆటలమ్మ పోసింది. "మీ పాప ఉందిగా పాపారావుగారూ" అన్నాడు డైరెక్టరు. జూబ్లీహిల్స్ గుట్టల్లో పెద్ద పెద్ద రాళ్ళ మధ్య తాటాకు గుడిసె సెట్టు. నాకు నూనె పెట్టి జడలు వేసింది మేరీ ఆంటీ. నాన్నే దాసు, నాన్నే దాసు రూపంలో వచ్చిన స్వామి. నేను ఆయన చెయ్యి పట్టుకుని చూడాలి, మొహంలోకి చూడాలి, మాట అనాలి. తొమ్మిది టేకులు. ఒకసారి ఈగ వాలింది, ఒకసారి నేను కెమెరా చూశాను, ఒకసారి వెలుగు పోయింది. ప్రతిసారీ ఆ గడ్డాన్ని, ఆ జిగురు వాసనని, ఆ చల్లటి కళ్ళని చూసి, "నువ్వు మా అయ్యవి కావు" అన్నాను. తొమ్మిదోసారి ఏడుపొచ్చేసింది. యూనిట్ అంతా చప్పట్లు కొట్టారు, ఎంత బాగా చేసిందో చూడండి అని. నేను నటించలేదు.

ఆఖరి రోజు దాసు గర్భగుడిలోకి నడిచి స్వామిలో కలిసిపోయే షాటు. అయిపోగానే ఫోటో తీసే ఆయన అలవాటుగా ముందుకొచ్చాడు. "సార్, ఒక్క నవ్వు." మా నాన్న కదల్లేదు. "దాసు చచ్చిపోలేదు కదా, ఐక్యమయ్యాడు. నవ్వితే అపచారం" అన్నాడు. డైరెక్టరు తల గోక్కున్నాడు, పంతుల్ని అడిగాడు. పంతులు ఆలోచించి, ఐక్యానికి అశుభం లేదు, నవ్వక్కర్లేదన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. గుమ్మడికాయ కొట్టి ప్యాకప్ చెప్పేశారు. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలో అడిగింది, "నవ్వారా?" అని. ఆయన ఆవిణ్ణి తల్లీ అని పిలిచి లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లీ! కట్టుకున్న పెళ్ళాన్ని!

గడ్డం తీసేశారు గానీ నెలన్నరలో సొంత గడ్డం పెరిగింది. పాపారావూ అంటే పలికేవాడు కాదు, దాసుగారూ అంటే తిరిగి చూసేవాడు. మొదట సందులో జూనియర్ ఆర్టిస్టులు వేళాకోళం చేశారు. తర్వాత యూసుఫ్‌గూడ నుంచి భజన వాళ్ళు వచ్చి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళారు. దాంతో వేళాకోళం చేసినవాళ్ళూ దండం పెట్టడం మొదలుపెట్టారు. అందరితోనూ మెత్తగా మాట్లాడేవాడు, నా నెత్తిమీద చెయ్యి వేసి దీవించేవాడు. కోపం లేదు, పంతం లేదు, మంచితనం తప్ప ఏమీ లేదు. అదే నాకు దడ పుట్టించేది. నాకు దేవుడు అక్కర్లేదు, పొలమారే నాన్న కావాలి.

కిటుకు పట్టింది యాదమ్మే. "నవ్వలే గదా, గందుకే గిట్లయిండు. ఇప్పుడు నవ్విపిస్తే అయిపాయె, ఫికర్ ఎందుకు?" అంది. మేరీ ఆంటీ "నేను ప్రార్థన చేస్తాను, మీరు నవ్వించండి" అంది. షూటింగులుండని రెండో ఆదివారం పొద్దున నాన్నని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా సందులో ఉన్న ఫోటోగ్రాఫరు కెమెరా పట్టుకుని మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఇక చూడండి, కృష్ణానగర్‌లో ఉన్న కమెడియన్లంతా మా వాకిట్లోనే! ఒకడు తాగుబోతు, ఒకడు నత్తి మేష్టారు, ఒకడు చీర కట్టి అత్తగారు. యాదమ్మ కిందపడి దొర్లి నవ్వింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతూ ఏడ్చింది. నాన్న ప్రతివాడినీ ప్రేమగా చూశాడు, చిరునవ్వుతో. ఆ సినిమాలో స్వామి నవ్విన చిరునవ్వే అది. ఫోటోగ్రాఫరు ఒక్కసారీ బటన్ నొక్కకుండానే కెమెరా సంచిలో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక నేను, ఆయన మిగిలాం. ఉక్రోషం పట్టలేక వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు మా నాన్నవి కావు" అన్నాను. దీవిస్తాడనుకున్నాను. ఆయన వంగి, అటూ ఇటూ చూసి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, తుని యాసలో, అచ్చం మా నాన్న గొంతుతో అన్నాడు:

"నాకూ తెలుసే బుజ్జీ. తిరిగి ఎలా రావాలో తెలీడం లేదే."

నేను ఏం చెయ్యాలి? ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని లాగాలి. అమ్మా అని కేక పెట్టాలి. నేను చెయ్యి విదిలించుకుని మేరీ ఆంటీ ఇంట్లోకి పారిపోయి, విగ్గులు తగిలించిన కొయ్యతలల వెనక సాయంత్రం దాకా దాక్కున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన దాసు అయిపోయి పాడుకుంటున్నాడు.

రెండు నెలలకి ఉప్పుదాసు పుట్టిన ఊళ్ళో ఉత్సవమని భజన వాళ్ళతో వెళ్ళాడు. వాళ్ళు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. ఊరేగింపులో ఉప్పు బస్తా భుజానికెత్తుకుని పాడుతూ నడిచాడట, ముందుకి వెళ్ళాడట, అంతే. అమ్మ పోలీసుల చుట్టూ తిరిగింది, రేవు ఊళ్ళన్నీ తిరిగింది, ఆసుపత్రులు తిరిగింది. చాలా ఏళ్ళ తర్వాత నేనూ ఆ ఊరు వెళ్ళాను. గుడి దగ్గర ఒకావిడ నాకు దాసు మహిమలు చెప్తూ, ఒక ఏడాది ఉత్సవానికి దాసుగారే స్వయంగా ఎవరో సినిమా మనిషి రూపంలో వచ్చి, బస్తా మోసి, అందరూ చూస్తుండగా మాయమయ్యారని చెప్పింది. ఒళ్ళు మండిపోయింది. ఆయనకి ఇల్లుందమ్మా, పెళ్ళాం ఉంది, పిల్ల ఉంది అని అరవాలనిపించింది. ఆవిడ నా చేతిలో ప్రసాదం పెట్టింది, తిన్నాను.

యాదమ్మ పోయింది, ఆ మేడ మీద మేడలు లేచి హాస్టలయింది. మేరీ ఆంటీ కూతురి దగ్గరికి విజయవాడ వెళ్ళిపోయింది. గుట్టలమీద మా గుడిసె సెట్టు వేసిన రాళ్ళని పగలగొట్టి అద్దాల కాఫీ హోటలు కట్టారు. నేను డబ్బింగ్ చెప్తూ అమ్మతో మధురానగర్‌లో ఉంటున్నాను. అమ్మ ఇప్పటికీ కుంకుమ పెట్టుకుంటుంది, ఎవరూ వద్దనలేదు.

ఏటా ముక్కోటి ఏకాదశి పొద్దున ఆ సినిమా టీవీలో వేస్తారు. ఈ ఏడూ వేశారు. లిఫ్టు సంగతి మనసులో మెదులుతూనే ఉంది. తెరమీద తొమ్మిదేళ్ళ నేను ఆ చెయ్యి పట్టుకోగానే అమ్మ ఎప్పుడూ అడిగే మాట అడిగింది, "ఆ ఆదివారం వాకిట్లో వంగి నీతో ఏమన్నాడే?" దీవించాడంతే అని ఎప్పుడూ చెప్పే అబద్ధం ఈసారి నోట్లోంచి రాలేదు. చెప్పేశాను, ఆయన అన్న మాట అన్నట్టుగా, పారిపోవడంతో సహా.

అమ్మ టీవీ వైపే చూస్తోంది. అలా చూస్తూనే అంది.

"నాతోనూ అన్నాడే. ఆ మర్నాడే, పొయ్యి దగ్గర. అదే మాట."

"మరి నువ్వేం చేశావమ్మా?"

"భయమేసిందే. కాళ్ళకి దణ్ణం పెట్టేశాను."